బర్మా కాందిశీకులు

బర్మా దేశం (నేటి మయన్మార్) విడిచి, మొదట 1941-42లోను, మళ్ళీ 1962 తరువాతను భారతదేశానికి తరలివచ్చిన భారతీయులను తెలుగునాట బర్మా కాందిశీకులు అని వ్యవహరిస్తారు. వీరిలో తెలుగువారి సంఖ్య గణనీయమైనది. 1942లో నాలుగైదు లక్షలమంది, అధికభాగం కాలినడకన, కొండలు అడవులు దాటి వచ్చినట్లు అంచనా.

పదం

కాందిశీకుడు అనేది సంస్కృతం నుండి వచ్చిన పదం. "కాం దిశమ్", అనగా "ఏ దిక్కుకు (పోదును)" అనే ప్రశ్న నుండి ఇది పుట్టినదని వ్యుత్పత్తి చెబుతారు. భయముతో పారిపోవువాడు అని అర్థం. నేటి పత్రికలు ఎక్కువగా శరణార్థి అనే మాట వాడుతున్నాయి. శరణార్థి ఆశ్రయం కోరేవాడు, కాందిశీకుడు దారి తోచనివాడు. 1942 నాటివారికి రెండవ మాటే సరిగ్గా సరిపోతుంది.

వలస నేపథ్యం

కోస్తా ఆంధ్రకు బర్మాతో సంబంధం పాతది. 16, 17 శతాబ్దాలలోనే మచిలీపట్నం రేవు నుండి అద్దకపు బట్టలు పెగూ, అరకాన్ రేవులకు వెళ్ళేవి. 19వ శతాబ్దం చివర మొదలైన కూలీల వలస వేరు. విశాఖపట్నం, గోదావరి జిల్లాల పేదలు మేస్త్రీల వద్ద బయానా పుచ్చుకొని, కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం రేవులలో ఓడ డెక్కు మీద చోటు సంపాదించి రంగూన్ చేరేవారు. 1855లో కృష్ణ ఆనకట్ట పూర్తయి డెల్టాలో పొలం పనులు పెరిగినందున కృష్ణా జిల్లా నుండి వెళ్ళినవారు తక్కువ.

ఏ ఊరివారైనా బర్మాలో తెలుగువారందరికీ "కోరంగీలు" అనే పేరు పడింది. ఇది కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు. రేవులో బరువులు మోయడం, రిక్షా లాగడం, బియ్యపు మిల్లులు, పురపాలక పారిశుధ్యం వీరి పనులు. 1931 జనాభా లెక్కలలో బర్మాలోని భారతీయులు పది లక్షలు. రంగూన్ నగరంలో సగానికి పైగా వారే. 1930 మే నెలలో తెలుగు రేవు కూలీలు వేతనాల కోసం సమ్మె చేయగా యజమానులు వారి స్థానంలో బర్మీయులను పెట్టుకున్నారు. సమ్మె ముగిశాక బర్మీయులను తొలగించడంతో అల్లర్లు చెలరేగి వందమందికి పైగా చనిపోయారు. యజమాని లాభానికి ఇద్దరు పేదలు తలపడిన ఘట్టమిది. 1937 ఏప్రిల్ 1న బర్మా భారతదేశం నుండి పాలనాపరంగా విడిపోయింది. 1938లో మరల అల్లర్లు జరిగాయి.

1942 నాటి ప్రయాణం

1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూన్‌పై బాంబులు వేశాయి. రేవు, పారిశుధ్య కార్మికులు నగరం వదలి ప్రోమ్ బాట పట్టారు. వారు లేకపోతే రేవు నడవదు కనుక ప్రభుత్వం పలువురిని వెనుకకు మళ్ళించింది. కొంతకాలం డెక్కు ప్రయాణానికి వయోజన పురుషులను అనుమతించలేదు. ఓడలో రాగలిగినవారు కొద్దిమంది. 1942 మార్చి 8న రంగూన్ జపాను వశమయ్యింది.

నడకదారులు ముఖ్యంగా మూడు. మొదటిది ప్రోమ్ నుండి టౌంగప్ కనుమ మీదుగా అరకాన్ తీరానికి, అక్కడి నుండి చిట్టగాంగుకు. రెండవది టము మీదుగా మణిపురానికి. మూడవది ఉత్తరాన హుకాంగ్ లోయ గుండా అస్సాంలోని లీడోకు. వర్షాకాలం మొదలైన తరువాత ఈ మూడవ దారిలో వెళ్ళినవారి కష్టాలు చెప్పనలవి కానివి. కలరా, మలేరియా, ఆకలి ప్రాణాలు తీశాయి. దారిలో పేర్లు వ్రాసుకున్నవారు లేరు. అందువలననే మృతుల సంఖ్యపై అంచనాలు పదివేల నుండి యాభైవేలు, ఆపైన కూడా ఉన్నాయి.

మణిపురం దారిలో యూరోపియన్లకు, ఆంగ్లో ఇండియన్లకు ఒక ఏర్పాటు, భారతీయులకు వేరొక ఏర్పాటు ఉండేది. జనం వీటిని తెల్లబాట, నల్లబాట అన్నారు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడలపై కూడా బాంబులు పడ్డాయి. స్వస్థలం చేరినవారికి అక్కడి జనం ఊళ్ళు వదలి పోవడం కనిపించింది.

పత్రికలు, రాజకీయాలు

యుద్ధకాలపు వార్తలు భారత రక్షణ నిబంధనల క్రింద సెన్సారు దాటి రావలసి ఉండేది. ఈ ప్రయాణాన్ని కళ్ళారా చూసి వ్రాసినవారిలో యువ పాత్రికేయులు ఇద్దరిని చెప్పుకోవాలి. ఆస్ట్రేలియాకు చెందిన విల్ఫ్రెడ్ బర్చెట్ (జననం 1911), ఫోటోగ్రాఫర్ జార్జ్ రోడ్జర్‌తో కలిసి నాగా కొండల గుండా భారతదేశం చేరి "ట్రెక్ బ్యాక్ ఫ్రం బర్మా" అనే పుస్తకం వ్రాశాడు. బర్మా జాతీయవాది, రచయిత తెయిన్ పే మ్యింట్ (జననం 1914) జపాను పాలనను వ్యతిరేకించి 1942లో భారతదేశానికి వచ్చాడు. "వాట్ హాపెండ్ ఇన్ బర్మా" అనే అతని పుస్తకం 1943లో అలహాబాదులో కితాబిస్తాన్ వారు ప్రచురించారు. ఒకరు విదేశీ విలేఖరి, మరొకరు బర్మీయుడు. నడచిన కూలీలలో అత్యధికులు చదువురానివారు. వారి కథ వారి నోట పత్రికకెక్కలేదు. ఈ విషయంలో మన లోటు ఇదే.

రాజకీయాలలో మాత్రం ఈ ఉదంతం బలంగా వినిపించింది. వైస్రాయి కార్యనిర్వాహక సభలో ప్రవాస భారతీయుల వ్యవహారాలు చూసే ఎం.ఎస్. అణే, హృదయనాథ్ కుంజ్రూ ప్రభృతులు అస్సాం సరిహద్దులో పరిస్థితిని స్వయంగా చూశారు. 1942 ఏప్రిల్ చివర అలహాబాదులో సమావేశమైన అఖిల భారత కాంగ్రెసు కమిటీ తరలింపులో జాతి వివక్షను ఖండించింది. జూలైలో వార్ధా తీర్మానం, మలయా, సింగపూర్, బర్మాల అనుభవం ఇక్కడ పునరావృతం కారాదని పేర్కొంది. ప్రభుత్వం ప్రజలను కాపాడలేదన్న నమ్మకం క్విట్ ఇండియాకు ముందే ఇలా సామాన్యులలోకి దిగింది.

1962 తరువాత

1962 మార్చి 2న జనరల్ నె విన్ సైనిక తిరుగుబాటు చేశాడు. 1964లో దుకాణాల జాతీయీకరణ, 50, 100 క్యాట్ నోట్ల రద్దు వలన భారతీయ వర్తకులు, ఉద్యోగులు జీవనాధారం కోల్పోయారు. సుమారు 3 లక్షలమంది ఓడలలో మద్రాసు, విశాఖపట్నం మొదలైన రేవులకు వచ్చారు. అధికశాతం ఆస్తులు అక్కడే విడిచి వచ్చారు. వీరికి రుణాలిచ్చేందుకు కేంద్ర ప్రభుత్వం 1969లో రెప్కో బ్యాంకును స్థాపించింది. విశాఖపట్నం కంచరపాలెంలోని బర్మా క్యాంపు ఆ కాలపు పునరావాసం పేరుతో నిలిచిన పేట. తిరిగి భూమార్గాన బర్మా వెళ్ళబోయి సరిహద్దులో నిలిచిపోయినవారు మణిపురంలోని మోరేలో స్థిరపడ్డారు.