జపాను లిపిలో మన పేర్ల దీర్ఘాలు

శ్రీకాకుళం రోడ్ స్టేషన్లో రైలు దిగితే మనం అడుగుపెట్టేది ఆమదాలవలసలో. ఈ ఊరి పేరులో ఏడు అక్షరాలు. ఆ, దా దీర్ఘాలు, తక్కినవి హ్రస్వాలు. ఇంగ్లీషులో మాత్రం ఏడింటికీ ఒకటే 'ఏ'. దీర్ఘం ఎక్కడుందో ఊరివాళ్లకు తెలియాల్సిందే తప్ప కాగితం చెప్పదు. తెలుగు పేరు జపానుకు వెళ్లి పాడవడానికి జపాను లిపి కన్నా ఈ ఇంగ్లీషు మజిలీయే ఎక్కువ కారణమని నాకనిపిస్తోంది.

విదేశీ పేర్లను జపానువాళ్లు కతకానాలో రాస్తారు. అందులో అచ్చులు అ, ఇ, ఉ, ఎ, ఒ. పక్కన ఒక గీత గీస్తే దీర్ఘం. అప్పన్నలోని 'ప్ప' కోసం చిన్న 'త్సు' అక్షరం ఉంది. గీతకూ, ఆ చిన్న అక్షరానికీ పలకడంలో ఒక్కో మాత్ర కాలం పడుతుంది. మన ఛందస్సులో లఘువుకు ఒకటి, గురువుకు రెండు లెక్కన ఆమదాలవలసకు తొమ్మిది మాత్రలు. కతకానాలో రాసినా సరిగ్గా తొమ్మిదే! రమనూ రాముణ్నీ ఆ లిపి వేరుచేయగలదు. పాస్‌పోర్టులోని ఇంగ్లీషు అక్షరాలు ఆ పని చేయలేవు. జపాను నివాస కార్డులో పేరు మామూలుగా పాస్‌పోర్టులో ఉన్నట్టే రోమన్ అక్షరాల్లో పడుతుంది. బ్యాంకు ఖాతాకు కతకానా రాయాల్సి వచ్చినప్పుడు ఆ కార్డునే చూసి రాస్తే దీర్ఘాలు జారిపోయే అవకాశం ఎక్కువ.

కతకానా వల్ల పోయేవీ ఉన్నాయి. ల, ర, ళ మూడింటికీ ఒకటే వరుస. ట, త తేడా లేదు. వలస మన చెవికి 'వరస'గా వినిపించవచ్చు. 'వ'కు బదులు 'బ' రాయడాన్ని కూడా 1991 నాటి జపాను మంత్రివర్గ ప్రకటన అనుమతించింది.

ముద్రణలో కనిపించే సాక్ష్యం ఒక సినిమాది. 2022 అక్టోబరు 21న జపానులో ఆర్‌ఆర్‌ఆర్ సినిమా విడుదలైంది. దర్శకుడు రాజమౌళి పేరు అక్కడ 'రాజమఉరి'. ఇంగ్లీషు స్పెల్లింగును నమ్మి ఉంటే 'మొఉ' అనో 'మూ' అనో పడేది. ఔత్వం నిలిచిందంటే ఎవరో అసలు ఉచ్చారణ పట్టించుకున్నారనుకోవాలి. అందులో నటించిన ఎన్టీఆర్ పేరులో 'రామ' దీర్ఘం నిలిచింది కానీ, 'రావు' కాస్తా 'రఒ' అయింది. ఇది ఇంగ్లీషు స్పెల్లింగు నుంచి వచ్చినట్టే ఉంది. హిందీ రూపం ప్రభావం కూడా కావచ్చు. రెండు పేర్లతో సూత్రం కట్టలేం. అయినా ఒకే సినిమాలో ఒకరి పేరు చెవితోనూ, ఒకరి పేరు కంటితోనూ రాసినట్టుండటం గమనించదగ్గది.

ఎదురు దిశలోనూ ఇదే జరిగింది. జపాను భాషలో ట లేదు. వాళ్ల రాజధాని 'తోక్యో'. ఇంగ్లీషు 'టీ' అక్షరాన్ని చూసి మనం 'టోక్యో' చేసుకున్నాం. దంత్యమైన త మన దగ్గర ఉండి కూడా వాడుకోలేదు.