43వ క్యాసెట్టు రెండో వైపు

2009లో సైదాబాద్‌లోని మా ఇంట్లో అబ్బా క్యాసెట్లన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించాను. మొత్తం 56 క్యాసెట్లు. టేప్‌రికార్డర్ నుంచి కంప్యూటర్‌కి ఒక వైరు కలిపి, ఒక్కో వైపూ మొదటి నుంచి చివరిదాకా నడిపిస్తే తప్ప పని అవదు. గంట క్యాసెట్‌కి గంట పట్టాల్సిందే. రంజాన్‌లో మొదలుపెడితే బక్రీద్ దాటాక ముగిసింది. వైపుకి ఒక ఫైలు చొప్పున 112 ఫైళ్లు తయారయ్యాయి. అప్పటికే అబ్బా చూపు మందగించింది. ఇషా తర్వాత తకియాకి ఆనుకుని వినడానికి రెండు జీబీల చిన్న ప్లేయర్ ఒకటి కొన్నాను.

ఫైళ్లు అందులోకి పంపితే 85 మాత్రమే వెళ్లాయి. అంటే 42 క్యాసెట్లు, 43వ దాని మొదటి వైపు. ఆ 43వ క్యాసెట్టు అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీ గారిది. 1971లో పద్మశ్రీ అందుకున్న మన హైదరాబాద్ ఖవ్వాల్ ఆయన. ఈ రోజుల్లో వార్సీ బ్రదర్స్‌ని వింటున్నవాళ్లకి చెప్పాలంటే, వాళ్ల దాదా. కలామ్ సగంలో ఉండగా, తాళీలు జోరందుకున్న చోట పాట తెగిపోయి, ప్లేయర్ మళ్లీ ఒకటో క్యాసెట్‌కి వెళ్లిపోయేది.

అబ్బాకి అది అంత బాధ కాదు. 56వ క్యాసెట్టు లేకపోవడం బాధ. అది పాట కాదు, జిద్దా నుంచి చాచా పంపిన ఖత్. ఎనభైల్లో గల్ఫ్‌కి వెళ్లినవాళ్లు ఉత్తరం రాయడానికి బదులు క్యాసెట్‌లో మాట్లాడి, సెలవుకి వస్తున్న వాళ్ల చేతికిచ్చి పంపేవాళ్లు. మన బస్తీల్లో ఇది తెలియని ఖాన్దాన్ ఉండదు. చాచా అక్కడే ఇంతెఖాల్ అయ్యారు, మట్టి కూడా అక్కడే. ఆయన ఆవాజ్ మా ఇంట్లో ఉన్నది ఆ ఒక్క క్యాసెట్‌లోనే. "గానా నై బోల్కే ఛోడ్ దియే క్యా బేటా?" అన్నారు అబ్బా. కోపం లేకుండా అడిగారు, అందుకే ఎక్కువ తగిలింది.

వైరు మార్చాను. ప్లేయర్‌ని ఫార్మాట్ చేశాను. మళ్లీ 85 దగ్గరే ఆగింది. లోపల ఆరు వందల ఎంబీలకి పైగా ఖాళీ కనిపిస్తుంటే, కంప్యూటర్ మాత్రం ఫైలు సృష్టించలేనంటుంది.

జాగా ఉండీ పట్టకపోవడం ఏమిటో అర్థం కావాలంటే కొంచెం తారీఖ్ తెలియాలి. ఫ్లాపీల్లో ఏ ఫైలు ఎక్కడుందో రాసుకోవడానికి మైక్రోసాఫ్ట్ 1977లో ఫ్యాట్ అనే పద్ధతి మొదలుపెట్టింది. దాని తర్వాతి రూపం ఫ్యాట్16. రెండు జీబీల లోపు ప్లేయర్లూ మెమరీ కార్డులూ చాలావరకు దానితోనే వచ్చేవి. మసీదు చందా రిజిస్టర్ ఊహించుకోండి. మొదటి పేజీలో 512 గీతలే ఉంటాయి, కొత్త కాగితం అతికించడానికి లేదు. పాతకాలంలో ఫైలు పేరుకి ఎనిమిది అక్షరాలు, చుక్క తర్వాత మూడు. ఒక్క గీత సరిపోయేది. 1995లో విండోస్ 95 పొడుగు పేర్లకి ఇజాజత్ ఇచ్చింది గానీ, పాత రిజిస్టర్‌ని మార్చలేదు. పొడుగు పేరుని 13 అక్షరాల ముక్కలు చేసి, ముక్కకో గీత చొప్పున రాసి, పాత తరహా పొట్టి పేరుకి ఇంకో గీత కలిపింది.

నేను ఉర్దూ మీడియంలో చదివినవాణ్ణి. ఫైళ్ల పేర్లు ఉర్దూ లిపిలో, పూరా అదబ్‌తో పెట్టాను: నంబరు, ఖవ్వాల్ పేరు, కలామ్, క్యాసెట్ వైపు. ఒక్కోటి సుమారు 60 అక్షరాలు. అంటే పేరుకి అయిదు గీతలు, పొట్టి పేరుకి ఒకటి, మొత్తం ఆరు. 512ని ఆరుతో భాగించి చూడండి, 85 వస్తుంది. (ఆ బుల్లి తెర మీద ఉర్దూ ఎలాగూ కనిపించేది కాదు, గళ్లు గళ్లుగా వచ్చేది. నా అదబ్ అంతా గీతలు తినడానికే పనికొచ్చింది.)

ఇది తెలిశాక నాకు గ్రామఫోన్ రోజులు గుర్తొచ్చాయి. 1902లో ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తా వచ్చి గౌహర్ జాన్‌ని రికార్డు చేసినప్పుడు పళ్లెంలో పట్టేది మూడు నిమిషాల చిల్లర. రాత్రంతా సాగే గానాన్ని ఆమె అందులోకి కుదించి, చివర్లో తన పేరు కూడా చెప్పేది. ఖవ్వాలీకి ఇది మరీ కష్టం. ఒకే మిస్రాని పదిసార్లు తకరార్ చేయాలి, మధ్యలో వేరే షేర్ తెచ్చి గిరహ్ కట్టాలి, సభలో ఎవరికైనా హాల్ వస్తే అక్కడే ఆగి పాడాలి. మూడు నిమిషాల్లో గిరహ్ ఎక్కడ కడతారు? 1948లో ఎల్పీ వచ్చి వైపుకి ఇరవై నిమిషాలు దాటాక ఊపిరాడింది. ఫిలిప్స్ 1963లో క్యాసెట్ తెచ్చింది. వైపుకి 30 నిమిషాలు, లేదంటే 45. అయినా తకరార్ మధ్యలో టప్‌మని ఆగేది, లేచి తిప్పాల్సి వచ్చేది. 2001లో ఐపాడ్ వచ్చినప్పుడు అయిదు జీబీల్లో వెయ్యి పాటలు అన్నారు. పాట అంటే నాలుగు నిమిషాలనే లెక్క అది. మెహఫిల్ ఎంతసేపు సాగుతుందో ఆ లెక్క వేసినవాళ్లకి ఎవరు చెప్పాలి!

ఇలాజ్ మాత్రం సులువు. 512 గీతల హద్దు మొదటి పేజీకే. ఫోల్డర్ చేస్తే దానికి వేరే పేజీలు దొరుకుతాయి, అక్కడ ఈ బెడద లేదు. 01 నుంచి 56 వరకు ఫోల్డర్లు చేశాను. రెండంకెల పేరు కాబట్టి ఒక్కోదానికి ఒకే గీత, మొత్తం 56 గీతలు. లోపల నా పొడుగు ఉర్దూ పేర్లు అలాగే ఉంచాను, మొండితనం అనుకోండి. 112 ఫైళ్లూ వెళ్లాయి. ఇప్పటి పెద్ద కార్డులకి ఈ సమస్య లేదు, 1996లో వచ్చిన ఫ్యాట్32 నుంచే మొదటి పేజీ హద్దు పోయింది. కానీ ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర రెండు జీబీల పాత ప్లేయర్ ఉండి, నాత్‌లు సగమే ఎక్కుతుంటే దాన్ని పారేసే ముందు ఒక ఫోల్డర్ చేసి చూడండి.

ఆ రాత్రి అబ్బా ముందు 56వది పెట్టమన్నారు. చాచా సలామ్ చెప్పి, తారీఖు చెప్పి, అందరి పేర్లూ వరసగా అడిగారు. నా పేరు దగ్గర "స్కూల్‌కి వెళ్తున్నాడా, గోలీలాడుతున్నాడా?" అన్నారు. జిద్దా ఎండ గురించీ, గదిలో ఎనిమిది మంది ఉండడం గురించీ చెబుతూ ఉండగా మొదటి వైపు అయిపోయింది. ప్లేయర్ ఆగకుండా రెండో వైపుకి దూకింది. "హాఁ భాయీజాన్, పలటా దియా" అంది చాచా గొంతు.

అబ్బా నవ్వి, ఈ ఫోల్డర్‌కి 56 అని కాదు, ఖత్ అని పెట్టమన్నారు. పెట్టాను. ఉర్దూలో రెండక్షరాలే.