పులివేషం, పిట్స్‌బర్గ్

కిందటేడు జూలై మొదటి వారంలో, ఇంకా పాలవాడు కూడా రాని వేళ, మా అక్క ఫోన్ చేసింది. ఆవిడా బావగారూ అప్పటికి నెల్లాళ్ళుగా పిట్స్‌బర్గ్‌లో కొడుకు దగ్గర ఉన్నారు. "ఒరేయ్ తమ్ముడూ, వీడికి ఏదో అయిందిరా" అంది. తరవాత కాసేపు ఏడుపే.

విషయం ముక్కలుముక్కలుగా తెలిసింది. పొద్దున్న పెన్‌హిల్స్‌లో వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్ళారు. అమెరికాలో మనవాళ్ళు కట్టుకున్న పాత గుళ్ళలో అదొకటి, 1970ల నాటిది. దర్శనం అయ్యాక వాడు ఊరు చూపిస్తానని నది పక్కకి తీసుకెళ్ళాడు. అక్కడ కన్వెన్షన్ సెంటర్ బయట నక్కలు, తోడేళ్ళు, చిరుతలు వందల కొద్దీ ఊరేగింపుగా నడుస్తున్నాయి. అన్నీ రెండు కాళ్ళ మీద. రోడ్డుకి అటూ ఇటూ జనం పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని చప్పట్లు. అందులో ఒక నక్క ఆగి మావాణ్ణి కౌగలించుకుని, మనం పెట్టిన పేరు కాకుండా వేరే ఏదో పేరుతో పిలిచింది. కారులో ఎవరూ మాట్లాడలేదు. రాత్రి వాడే చెప్పాడు, నేనూ వాళ్ళలో ఒకణ్ణే అని. బావగారు ఫోనులో వెతికితే మొదట దొరికింది ఒక వాట్సాప్ వీడియో: అమెరికా స్కూళ్ళలో తమని తాము పిల్లులనుకునే పిల్లల కోసం బాత్రూముల్లో ఇసక తొట్లు పెడుతున్నారట. "వీడు పిల్లిననుకుంటున్నాడురా. పెళ్ళి సంబంధాలు చూస్తున్నాం కదా, ఏం చెప్పాలి?" అంది అక్క.

నేను మండపేటలో ముప్ఫయ్యేళ్ళు చరిత్ర పాఠాలు చెప్పి రిటైరయిన వాణ్ణి. వైద్యం తెలీదు, మనస్తత్వశాస్త్రం అసలే తెలీదు. నాకు తెలిసిన పనల్లా దేన్నైనా తారీఖుల వరసలో పెట్టి చూడ్డం. అక్కకి ధైర్యం చెప్పి ఫోను పెట్టేశాక ఆ పనే మొదలెట్టాను. మొదట గుర్తొచ్చింది మాత్రం ఏ పుస్తకమూ కాదు. మా వీధి చివర రైసు మిల్లులో బస్తాలు మోసే ఆయన.

1970ల మాట. దసరా తొమ్మిది రోజులూ ఆయన పులి. ముందురోజు రాత్రి ఒంటి మీద వెంట్రుక లేకుండా గొరిగించుకుని, గోచీ బిగించి, పాకలో నించుంటే ఇద్దరు మనుషులు పసుపుపచ్చ వార్నిషు రంగు పూసి, పైన నల్లచారలు గీసేవారు. రంగు ఆరేదాకా కూర్చోడానికి లేదు, ఆనుకోడానికి లేదు. బెత్తానికి గుడ్డ చుట్టి చేసిన తోక. పొద్దున్నే డప్పులు మొదలయ్యేసరికి మేం పిల్లలం అరుగుల మీద ఉండేవాళ్ళం. పులి కాలవ గట్టు మీంచి వీధిలోకి తిరిగేది. వెనక చెక్క తుపాకీ పట్టుకున్న వేటగాడు. వెనక్కి వంగి నేలమీది రూపాయి నోటుని నోటితో అందుకోవడం ఒక ఘట్టం. బతికున్న మేకపిల్లని పళ్ళతో పట్టుకుని భుజం మీంచి విసరడం ఇంకో ఘట్టం, అది నేను ఒక్కసారే చూశాను, చూసి జ్వరం తెచ్చుకున్నాను. సాయంత్రం కిరసనాయిలు గుడ్డతో రంగు తుడుచుకుంటూ మిల్లు గోడ దగ్గర టీ తాగుతున్న ఆయన్ని కూడా చూశాను. చెవుల వెనక పసుపు రంగు కార్తీకమాసం దాకా పోయేది కాదు. పండగ వెళ్ళాక నలుగురూ "పులిగారూ" అని పిలిచినా ఆయన పలికేవాడు. ఆయనకి మతి పోయిందని ఊళ్ళో ఎవరూ అనుకోలేదు.

ఈ వేషం ఒక్క దసరాది, ఒక్క హిందువులది కూడా కాదు. పీర్ల పండక్కి మొక్కుకుని పులివేషం కట్టే అలవాటు తెలుగు జిల్లాల్లో బాగా పాతది. 1832లో లండన్‌లో అచ్చయిన 'ఖానూనె ఇస్లాం' అనే పుస్తకం ఉంది. దక్షిణాది ముస్లింల ఆచారాల మీద జాఫర్ షరీఫ్ రాస్తే హెర్క్లాట్స్ అనే డాక్టరు ఇంగ్లీషు చేశాడు. జాఫర్ షరీఫ్ ఎక్కడివాడో కాదు, మన ఏలూరు వాడు. మొహర్రం రోజుల్లో జనం కట్టే వేషాల జాబితా అందులో చాంతాడంత ఉంది, పులి కూడా ఉంది. ఒళ్ళంతా చారలు వేసుకుని వీధుల్లో పిల్లల్ని బెదరగొట్టే పులి. మా మిల్లు పులి తాతముత్తాతల నాటి ఫొటో చూసినట్టు అనిపించింది నాకు.

వేషం సంగతి అలా ఉంచితే, మనిషిలా మాట్లాడే జంతువు అంటారా, దానితోనే మన వచనం మొదలైందని చెప్పుకోవచ్చు. 1853లో పరవస్తు చిన్నయసూరి 'నీతిచంద్రిక' అచ్చువేశాడు. మిత్రలాభం, మిత్రభేదం రాసి ఆయన ఆగిపోతే, విగ్రహం, సంధి మన రాజమండ్రి కందుకూరి వీరేశలింగం రాశాడు. హిరణ్యకుడనే ఎలక, మంథరమనే తాబేలు, లఘుపతనకమనే కాకి కూర్చుని స్నేహధర్మం చర్చిస్తుంటే తరాల తరబడి పరీక్షలు రాశాం. ఎలక్కి అంత వ్యాకరణం ఎలా వచ్చిందని ఒక్కరం అడగలేదు. చందమామ బొమ్మల్లో తలపాగా చుట్టుకున్న నక్కలు సరేసరి. 2012లో ఒక ఈగ మీద పగ సినిమా తీస్తే థియేటర్లలో ఈలలు వేశాం.

ఇప్పుడు అమెరికా సంగతి. 'ఫర్' అంటే బొచ్చు, దాన్నుంచి 'ఫర్రీ'. (దీనికి తెలుగు మాట చెయ్యబోయి మా స్నేహితుడొకాయన పుట్టించిన పదం ఇక్కడ రాయను.) మనిషిలా నడిచే, మాట్లాడే జంతు పాత్రలంటే ఇష్టపడి, వాటిని గీసి, రాసి, ఒక్కోసారి కట్టి ఆడేవాళ్ళ గుంపు. అంతకు మించి నిర్వచనం లేదు. 1973లో డిస్నీ వాళ్ళు రాబిన్‌హుడ్‌ని నక్కగా చూపించి సినిమా తీశారు. అది చూసి పెరిగిన పిల్లలే తరవాత ఈ గుంపులో చాలామంది. 1976లో మినియాపోలిస్‌లో రీడ్ వాలర్, కెన్ ఫ్లెచర్ అనే ఇద్దరు జంతు కామిక్స్ గీసేవాళ్ళ కోసం 'వూటీ' అనే లిఖిత పత్రికలాంటిది నడిపారు. 1980లో బోస్టన్‌లో ప్రపంచ సైన్స్ ఫిక్షన్ సదస్సు జరిగితే, స్టీవ్ గలాచీ అనే చిత్రకారుడు అక్కడి ప్రదర్శనలో ఒక బొమ్మ పెట్టాడు. ఎర్మా ఫెల్నా, సైనిక దుస్తుల్లో ఉన్న పిల్లి. నవ్వించే పిల్లి కాదు, యుద్ధంలో ఉన్న ఒక మనిషికి ఉండే బరువంతా ఉన్న పిల్లి. ఆ బొమ్మ చుట్టూ చేరి మాట్లాడుకున్నవాళ్ళు ఆ తరవాతి సదస్సుల్లోనూ కలుసుకుంటూ వచ్చారు. 1989 జనవరిలో కాలిఫోర్నియాలోని కోస్టా మెసాలో మొదటిసారి విడిగా సభ పెట్టుకుంటే వచ్చింది 65 మంది. మా అక్క చూసిన ఊరేగింపు 'ఆంత్రోకాన్' అనే సభది. అది 1997లో ఆల్బనీలో మొదలై 2006లో పిట్స్‌బర్గ్ చేరింది. 2024లో 17,000 మందికి పైగా వచ్చారు. ఏటా ఏదో ఒక జంతు సంరక్షణ సంస్థకి చందా పోగుచేసి ఇస్తారు. ఆ నాలుగు రోజులూ ఊళ్ళో హోటళ్ళవాళ్ళు వీళ్ళని చూసి ముచ్చటపడిపోతారట, మా దగ్గర తీర్థానికి మిఠాయి కొట్ల వాళ్ళలాగే.

మరి చెడ్డపేరు ఎక్కణ్ణించి వచ్చింది? దానికీ తారీఖులున్నాయి. 2001లో 'వానిటీ ఫెయిర్' పత్రిక ఈ గుంపు మీద ఒక పెద్ద వ్యాసం వేసింది, అందులో పడగ్గది కబుర్లే ఎక్కువ. 2003లో 'సీఎస్ఐ' అనే టీవీ ధారావాహికలో ఒక ఎపిసోడు వీళ్ళందర్నీ అదే రంగులో చూపించింది. కోట్ల మంది చూసే కార్యక్రమం. బొమ్మలు గీసుకునే కుర్రాడు ఇంట్లో ఈ మాట ఎత్తితే తల్లిదండ్రులకి గుర్తొచ్చేది ఆ ఎపిసోడే. పెద్దవాళ్ళ కోసం గీసే శృంగార చిత్రాలు ఈ గుంపులో లేవని నేను అనను, ఉన్నాయి. పగటివేషాల్లో, భోగం మేళాల్లో, రికార్డింగు డాన్సుల్లో మన దగ్గరా ఉన్నాయి. దాన్ని బట్టి జాతర అంటేనే బూతు అని ఎవరైనా రాస్తే మనం ఊరుకుంటామా?

2014 డిసెంబరులో షికాగో దగ్గర రోజ్‌మాంట్‌లో వీళ్ళ సభ జరుగుతున్న హోటల్లో అర్ధరాత్రి ఎవరో మెట్ల దగ్గర క్లోరిన్ పొడి పోశారు. వేలమందిని చలిలోకి పంపించేశారు, 19 మందిని ఆసుపత్రికి తీసుకెళ్ళారు. వార్త చదువుతున్న ఒక టీవీ ఛానల్లో యాంకరమ్మ, ఫర్రీ అంటే ఏమిటో చెవిన పడగానే నవ్వాపుకోలేక కెమెరా ముందు నుంచి లేచి వెళ్ళిపోయింది. ఆ వీడియో నేను రెండుసార్లు చూశాను. విషవాయువు పీల్చి ఆసుపత్రిలో ఉన్నవాళ్ళ గురించి ఆ నవ్వు. నా వరకు ఈ మొత్తం కథలో వింత ప్రవర్తన ఏదైనా ఉంటే అదే.

ఇసక తొట్ల కథ ఇంకా కొత్తది. 2022 జనవరిలో మిషిగన్‌లోని మిడ్‌లాండ్ స్కూళ్ళ అధికారి అలాంటి తొట్టె మా బళ్ళలో ఎక్కడా లేదని తల్లిదండ్రులకి ఉత్తరం రాయాల్సొచ్చింది. ఆ ఏడంతా రాజకీయ నాయకులు సభల్లో అదే కథ ఊరు పేరు మార్చి చెప్పారు. విలేఖరులు వెళ్ళి వెతికితే ఏ స్కూల్లోనూ దొరకలేదు. దొరికింది ఒకటి ఉంది. కొలరాడోలో జెఫర్సన్ కౌంటీ స్కూళ్ళ తరగతి గదుల్లో పిల్లుల ఇసక ఉన్న బక్కెట్లున్నాయి. తుపాకీతో ఎవడైనా బడిలోకి చొరబడితే గంటల తరబడి తలుపులేసుకుని గదిలో ఉండాల్సిన పిల్లల కోసం అవి. కొలంబైన్ బడి ఉన్నది ఆ కౌంటీలోనే. బావగారికి ఇది చెప్పినప్పుడు ఆయన చాలాసేపు మాట్లాడలేదు.

"తమని తాము జంతువులనుకుంటారు" అన్నది అసలైన అపోహ. దీని మీద పదిహేనేళ్ళకి పైగా సర్వేలు చేస్తున్న మనస్తత్వ శాస్త్రజ్ఞుల బృందం ఒకటుంది, కాథీ గెర్బాసీ, కోర్ట్నీ ప్లాంటే వగైరా. వాళ్ళు చెప్పేదేమిటంటే, ఎక్కువమందికి జంతువు ఒక పాత్ర. దానికో పేరు, స్వభావం ఇచ్చుకుంటారు. దాన్ని ఫర్సోనా అంటారు. లోపల ఎక్కడో తాము మనిషి కాదనుకునేవాళ్ళు వేరే ఉన్నారు, వాళ్ళ పేరే వేరు, ఈ గుంపులో వాళ్ళు కొద్దిమంది. తలనుంచి కాళ్ళదాకా కప్పే సూటు వేల డాలర్లు. అది ఉన్నవాళ్ళు కూడా తక్కువే, మిగతావాళ్ళది కాగితం, పెన్సిలు. బళ్ళో తోటిపిల్లల చేత ఏడిపించుకున్నవాళ్ళు మామూలు కంటే ఎక్కువ. స్వలింగ ప్రేమికులూ ఎక్కువే, బయట దొరకని చనువు వాళ్ళకి ఇక్కడ దొరుకుతుంది.

నాకు నవ్వొచ్చేదేమిటంటే, వేషం కట్టినవాడు నిజంగా అదే అయిపోతాడని నమ్మిన సంప్రదాయం మన దగ్గరే ఉంది. తంజావూరు జిల్లా మేలట్టూరులో నాయకరాజుల కాలంలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఏటా నరసింహ జయంతికి భాగవతమేళా ఆడతారు. వెంకటరామశాస్త్రి రాసిన ప్రహ్లాద నాటకం, తెలుగులోనే. నరసింహుడి ముఖోటా ఏడాది పొడుగునా పూజలందుకుంటుంది. అది కట్టేవాడు ఉపవాసం ఉంటాడు. స్తంభంలోంచి వచ్చాక ఆవేశం పట్టలేక హిరణ్యకశిపుడి మీద పడతాడేమోనని నలుగురు వెనకనించి పట్టుకుని ఆపుతారు. అక్కడ సింహం వచ్చిందనే అందరి నమ్మకం, చేతులు జోడిస్తారు. పిట్స్‌బర్గ్ నక్క మటుకు ముఖోటా తీసి చెమట తుడుచుకుని నీళ్ళు తాగుతుంది, మా మిల్లు పులిలాగే.

వారం తరవాత మేనల్లుడితో మాట్లాడాను. నేను చదివినవన్నీ ఒప్పచెబుతుంటే వాడే ఆపాడు. "మావయ్యా, నీకు పులివేషం ఆయన గుర్తున్నాడా? చిన్నప్పుడు నువ్వే కదా ఆయన కథ చెప్పేవాడివి" అన్నాడు. వాడు పుట్టేనాటికే ఆయన లేడు. నేను చెప్పినట్టు నాకు గుర్తులేదు.

"మరి నువ్వేం జంతువు?" అన్నాను, ఎలా అడగాలో తెలీక.

"బావురుపిల్లి. కోరింగ మడ అడవిలో ఉంటుంది కదా, నీళ్ళలో దిగి చేపలు పట్టేది. మిగతావాళ్ళంతా తోడేళ్ళు, నక్కలు. నాది గోదావరి జిల్లా అని చెప్పుకోడానికి అదొక్కటే దొరికింది" అన్నాడు. సూటు లేదట, డబ్బుల్లేక. మెళ్ళో వేసుకునే బ్యాడ్జీ ఒకటి తనే గీసుకున్నాడు, ఫొటో పంపాడు. బూడిదరంగు పిల్లి, ఒంటి నిండా మచ్చలు, పొట్టి తోక, పంచె ఎగగట్టి కాలవ రేవులో నించుంది. ఒక చేతిలో తాపేశ్వరం కాజా.

అక్కకి పంపించాను. బావగారు ఇంకా ఆ విషయం ఎత్తడం లేదు, సంబంధాల మాటా ఎత్తడం లేదు. అక్క రెండు రోజులకి జవాబిచ్చింది: "కాజా అలా పట్టుకోకూడదని చెప్పు వాడికి. పాకం అంతా పంచె మీద కారుద్ది."