ముద్ర నుండి మీట వరకు

రేడియో గల యిండ్లవారికి ఒక సంగతి అనుభవమే. మీట త్రిప్పగనే 'టక్కు'మను చిన్న తాకిడి వ్రేలికి తెలియును. స్వరము వినబడుటకు ముందే పని జరిగినదని నమ్మకము కుదురును. ఆ నమ్మకమును గూర్చియే మేమిక్కడ ముచ్చటింపదలచితిమి. అయితే రేడియో పెట్టెను గూర్చి గాదు, ఓట్ల పెట్టెను గూర్చి.

నెల్లూరు జిల్లా పడమటనున్న ఉదయగిరి దుర్గమును 1514లో శ్రీకృష్ణదేవరాయలు దీర్ఘమైన ముట్టడితో గజపతుల నుండి గైకొనెను. స్వతంత్ర భారతమున ఏలికలను మార్చు పని కాగితమునకు వచ్చినది. 1952లో ఉదయగిరి, ఆత్మకూరు ఓటర్లు ఆ కాగితముపై గుర్తేదియు పెట్టలేదు. అభ్యర్థి కొక పెట్టె, పెట్టెపై అతని గుర్తు. నచ్చిన పెట్టెలో కాగితము వేయుటయే ఓటు. 1960ల నుండి అందరి పేర్లును ఒకే కాగితముపైకి వచ్చి, ఓటరు చేతికి రబ్బరు ముద్ర వచ్చెను. 1978లోను, 1983లోను ఉదయగిరి నుండి శ్రీ ముప్పవరపు వెంకయ్యనాయుడు ఎన్నికైనది ఈ ముద్రతోనే.

ముద్ర రెండు గుర్తుల నడుమ పడినచో ఆ ఓటు చెల్లదు. తన ఓటు చెల్లినదో లేదో ఎరుగకయే ఓటరు ఇల్లు చేరుచుండెను. చదువురాని ముసలివారి కష్టము చెప్పనేల!

హైదరాబాదులోని ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ 1979లో ఓటింగు యంత్రపు నమూనాను తయారుచేసెను. 1982లో కేరళలోని పరూరున 50 కేంద్రములలో దానిని వాడిరి. చట్టములో అట్టి వీలు లేదని 1984లో సుప్రీంకోర్టు ఆ పోలింగును కొట్టివేసెను. 1988లో చట్టము సవరింపబడెను. 2004 నాటికి దేశమంతటను యంత్రమే.

ఎలక్ట్రానిక్ సాధనముల నొక్కుడు మీటలలో సాధారణముగ బోర్లించిన గిన్నెవంటి పలుచని లోహపు రేకు ఉండును. నొక్కినచో అది చటుక్కున కుంగి రెండు కొనలను కలుపును. ఆ కుంగుబాటే వ్రేలికి తెలియు 'టిక్కు'. వదలినచో మరల పైకి లేచును. చిక్కేమనగా, కలియునపుడు ఆ కొనలు కొన్ని మిల్లీసెకండ్లపాటు అదరి, ఒక్క నొక్కును పలు నొక్కులుగ చూపగలవు. అందుచే మొదటిదానిని గైకొని తక్కినవానిని విడుచునట్లు అమర్చుదురు. ఓటింగు యంత్రమున కట్టడి ఇంకను గట్టిది: ఒక ఓటు పడిన పిదప అధికారి తన మీటను మరల నొక్కువరకు ఓటరు మీటలేవియు పనిచేయవు. ఎంత బలముగ నొక్కినను ఓటు ఒక్కటే!

నీలి మీట నొక్కగనే ప్రక్కన ఎఱ్ఱదీపము వెలుగును, కూత వినవచ్చును. చూపులేనివారికి మీటల చెంత బ్రెయిలీ అంకెలు కలవు. బ్యాటరీతో నడచును గనుక కరెంటు లేని పల్లెకును భయము లేదు.

దీపమును కూతయును యంత్రము వ్రేలి మాట విన్నదని మాత్రమే చెప్పును. సరిగ వ్రాసికొన్నదా యను సందేహము వేరు. అది అర్థము లేని సందేహమని మేము అనజాలము. దానికి బదులుగనే, 2019 సాధారణ ఎన్నికలలో అన్ని కేంద్రములందును అద్దము వెనుక ఏడు సెకండ్లపాటు కాగితపు చీటీ కనబడు ఏర్పాటు చేసిరి. మంత్రి మేకపాటి గౌతమ్‌రెడ్డి మరణముతో 2022 జూన్ 23న జరిగిన ఆత్మకూరు ఉపఎన్నికలోను ఓటర్లు మీటయే నొక్కిరి. మరల కాగితపు ఓట్లే కావలెనన్న కోరికను 2024 ఏప్రిల్ 26న సుప్రీంకోర్టు త్రోసిపుచ్చెను. మే 13న ఉదయగిరి, ఆత్మకూరు ఓటర్లు లోకసభ కొకటి, శాసనసభ కొకటి, రెండు మీటలు నొక్కి, రెండు చీటీలు చూచుకొని వెలుపలికి వచ్చిరి.