‘రియాక్టివ్’ అంటే రోగం ఉన్నట్టేనా? హెపటైటిస్ పరీక్షల్లో తప్పుడు పాజిటివ్‌లు

మంగళగిరి, విజయవాడ, గుంటూరుల్లో చెత్త ఎత్తేవాళ్లలో, మురుగు కాల్వలు తీసేవాళ్లలో, ఆసుపత్రి వార్డులు ఊడ్చేవాళ్లలో దళితులే ఎక్కువ. వాడి పారేసిన సూదులు గుచ్చుకునే ప్రమాదమూ వాళ్లకే ఎక్కువ. కాబట్టి హెపటైటిస్ పరీక్ష వాళ్లకు అవసరం. కానీ కార్డు టెస్టులో ‘రియాక్టివ్’ అని రాగానే రోగి అని ముద్ర వేసి పనిలోంచి తప్పించడం అన్యాయం. ఎందుకంటే యాంటీబాడీ పరీక్ష వైరస్‌ను చూడదు. వైరస్‌పై శరీరం తయారుచేసుకున్న ప్రతిరక్షకాలను మాత్రమే చూస్తుంది.

పొరపాటు ఎక్కడెక్కడ?

పాత ఇన్ఫెక్షన్: హెపటైటిస్ సి సోకినవారిలో 15 నుంచి 45 శాతం మందికి ఆరు నెలల్లోపు మందుల్లేకుండానే వైరస్ పోతుంది. యాంటీబాడీలు మాత్రం ఏళ్ల తరబడి ఉంటాయి. మందులతో నయమైనవారికీ ఇంతే.

ఇతర జబ్బులు: కీళ్లవాతం వంటి వాటిలో రక్తంలో ఉండే రుమటాయిడ్ ఫ్యాక్టర్, హెపటైటిస్ ఎ, ఇ వంటి వాటి ఐజీఎం పరీక్షలను తప్పుదారి పట్టించగలదు.

తల్లి నుంచి బిడ్డకు: హెపటైటిస్ సి ఉన్న తల్లి యాంటీబాడీలు బిడ్డ రక్తంలో 18 నెలల దాకా కనిపించవచ్చు. బిడ్డకు వైరస్ సోకిందని దానర్థం కాదు.

టీకా: హెపటైటిస్ బి టీకా వేయించుకుంటే ‘యాంటీ హెచ్‌బీఎస్’ పాజిటివ్ వస్తుంది. అది రక్షణకు గుర్తు. ‘హెచ్‌బీఎస్ ఏజీ’ యాంటీబాడీ పరీక్ష కాదు, వైరస్ పైపొరను చూసేది. టీకా వేసిన 18 రోజుల వరకు ఇది కూడా తాత్కాలికంగా పాజిటివ్ చూపవచ్చు. అందుకే టీకా వేసిన వెంటనే ఈ పరీక్ష చేయకూడదు.

లెక్క: వెయ్యిమందిలో ఐదుగురికే వైరస్ ఉందనుకుందాం. వైరస్ లేనివారిలో నూటికి ఒక్కరికి తప్పు చూపే పరీక్ష అయినా, మిగతా 995 మందిలో సుమారు పదిమందికి పాజిటివ్ అంటుంది. అంటే పదిహేను పాజిటివ్‌లలో పది తప్పుడువే.

ఏం అడగాలి?

హెపటైటిస్ సి యాంటీబాడీ పాజిటివ్ అయితే ఆర్‌ఎన్‌ఏ పరీక్ష చేయమని అడగాలి. రక్తంలో ఇప్పుడు వైరస్ ఉందో లేదో తేల్చేది అదే. 2018 జూలై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద హెపటైటిస్ బి, సి నిర్ధారణ, చికిత్స ఉచితం. హెపటైటిస్ సి తేలినా, చాలామందికి 12 వారాల మాత్రలతో నయమవుతుంది.

ఒక జాగ్రత్త: సూది గుచ్చుకున్న తొలి వారాల్లో యాంటీబాడీ పరీక్ష నెగెటివ్ రావచ్చు. అప్పుడు డాక్టర్ చెప్పిన గడువులో మళ్లీ చేయించుకోవాలి.

కార్మిక సంఘాల డిమాండ్ సూటిగా ఉండాలి: నిర్ధారణ పరీక్ష లేకుండా ఎవరినీ పనిలోంచి తీయకూడదు, ఫలితం గోప్యంగా ఉంచాలి, గ్లవ్స్, టీకా యాజమాన్యమే ఇవ్వాలి.