చిన్న బండి మీద పెద్ద చరిత్ర

పెన్షన్ లెక్కలు కాక మరేదైనా రాయమని సంపాదకులు కోరినందువల్ల, మా మనుమడి బల్లమీద రెండేళ్లుగా చూస్తున్న ఒక విద్య చరిత్ర రాస్తున్నాను. యుద్ధ ట్యాంకులు, జీపులు, లారీల చిన్న నమూనాలను ప్లాస్టిక్ ముక్కలతో అతికించి, రంగువేసి, ఆ కొత్తరంగును మళ్లీ పనిగట్టుకుని పాతబరచి ఫోటో తీయడమే ఆ విద్య.

రెండవ ప్రపంచయుద్ధంలో శత్రువుల బండ్లను గుర్తుపట్టడానికి సైనికులకు చిన్న నమూనాలతో శిక్షణ ఇచ్చేవారు. వినోదంగా ఇది బాగా వ్యాపించింది యుద్ధం తరువాతే. జపాన్‌లోని షిజువోకాలో 1946లో కలప వ్యాపారంగా మొదలైన టమియా సంస్థ, కొయ్య నమూనాల మీదుగా 1960లో ప్లాస్టిక్‌లోకి దిగింది. కొద్దికాలానికే జర్మన్ పాంథర్ ట్యాంకు నమూనాను తెచ్చింది. లోపల మోటారు, బ్యాటరీలు పట్టేటట్లు చేయగా అది అసలు బండిలో 35వ వంతుకు వచ్చింది. ఆ కొలతే తరువాత ఎన్నో దేశాల్లో వాడుకలోకి వచ్చింది. ఏ జి.ఓ. లేకుండా స్థిరపడిన ప్రమాణమన్నమాట!

తొలి నమూనాలు చాలావరకు కొత్త గిన్నెల్లా మెరిసేవి. 1970లలో అమెరికాలో షెపర్డ్ పెయిన్ యుద్ధరంగ దృశ్యాలతో సహా నమూనాలు చేసి దారి చూపారు. 1980లో పుస్తకమూ రాశారు. బెల్జియంకు చెందిన ఫ్రాంస్వా వెర్లిండెన్ రెండు పద్ధతులకు మంచి ప్రచారం తెచ్చారు. పలుచని ముదురు రంగును సందుల్లోకి పారించడం ఒకటి. రంగు దాదాపు తుడిచేసిన పొడి కుంచెతో అంచులను తేల్చడం రెండవది.

అయితే తుప్పు ఎక్కడబడితే అక్కడ పూయరాదు. సైనికులు ఎక్కిదిగే మూతల అంచున రంగు లేస్తుంది. పొగగొట్టం తుప్పుపడుతుంది. ఉత్తర ఆఫ్రికాలో తిరిగిన బండికి ఎడారి దుమ్ము, రష్యాలో తిరిగిన దానికి వసంతకాలపు బురద. చలికాలంలో పూసిన తెల్లరంగు వాడుకలో అరిగిపోతుంది. అంటే ఆ బండి ఏ ఏడాది, ఎక్కడ, ఎలా తిరిగిందో పాత ఫోటోలు చూసి తెలుసుకోవాలి. కొలతా మరువరాదు. 1 మిల్లీమీటరు ఇసుకరేణువు ఇక్కడ మూడున్నర సెంటీమీటర్ల రాయితో సమానం. అందుకే మెత్తటి రంగుపొడి వాడతారు.

ఫోటోకూ ఇదే లెక్క. నిలబడ్డ సైనికుని కంటి ఎత్తు ఈ కొలతలో 5 సెంటీమీటర్లకు లోపే. కెమెరాను అంత కిందికి దించాలి. ముందూ వెనకా స్పష్టంగా పడేందుకు లెన్సు రంధ్రాన్ని చిన్నది చేసి, స్టాండు మీద ఎక్కువసేపు వెలుతురు పట్టించాలి. సూర్యునిలా ఒకే పక్కనుంచి దీపం పెట్టాలి. నలుపు తెలుపుల్లో తీస్తే అచ్చం 1943 నాటి చిత్రమే!

నా ఆందోళన అక్కడే. ఫోనునుంచి ఫోనుకు తిరిగే బొమ్మకు కింది వివరం ఊడిపోతుంది. రేపు ఎవరైనా దాన్ని అసలు యుద్ధచిత్రమనుకుంటే, నిజంగా ఆ బురదలో ప్రాణాలు విడిచినవారి చరిత్రలో దొంగకాగితం చేరినట్లే. తేదీ లేని కాగితాన్ని ఫైలులో పెట్టనివ్వని గుమాస్తాను నేను. అందుకే మా ఇంట ఒక నిబంధన పెట్టాను: ప్రతి ఫోటో మీదనే 'నమూనా, 35వ వంతు' అని, చూపిన స్థలం, సంవత్సరం, ఫోటో తీసిన తేదీ ఉండాలి. మనుమడు నవ్వుతూనే పాటిస్తున్నాడు.

సభ్యులకూ నా మనవి ఒక్కటే. మీ ఆల్బములలోని పాత ఫోటోల వెనుక పేర్లు, ఊరు, సంవత్సరం ఈ వారంలోనే రాసిపెట్టండి. గుర్తున్నవాళ్లం మనమే కదా!