క్లానాడ్: ఇంటి భాషలో పాడిన కుటుంబం

ఐర్లండ్ వాయవ్య మూలన, అట్లాంటిక్ తీరాన, డోనెగాల్ జిల్లాలో గ్వీడోర్ అనే ప్రాంతం ఉంది. అక్కడి ఇళ్లలో ఇప్పటికీ ఐరిష్ భాష వినిపిస్తుంది. దేశంలో తక్కినచోట్ల చాలావరకు ఇంగ్లీషుదే రాజ్యం. 1840ల మహాక్షామం ఐరిష్ మాట్లాడే పేదలనే ఎక్కువగా పొట్టన పెట్టుకుంది. బడులు ఇంగ్లీషులో నడిచాయి. 1937 రాజ్యాంగం ఐరిష్‌కు ప్రథమ అధికార భాష హోదా ఇచ్చినా, ఇంటి వాడుక ముఖ్యంగా పడమటి తీరంలోని కొన్ని తావులకే మిగిలింది. అలాంటి తావు నుంచి వచ్చిన క్లానాడ్ బృందం కథ మనబోటి రాష్ట్రేతర తెలుగువారు తెలుసుకోదగినదని నాకు తోస్తుంది.

లియో బ్రెన్నన్ ఊరూరా డాన్సు బ్యాండు నడిపినవాడు. 1968లో సొంత పల్లెలో ఒక పబ్బు తెరిచాడు. భార్య సంగీతం నేర్పేది. వారి పిల్లలు మోయా, కియరాన్, పోల్. వీరి మేనమామలు, కవలలైన నోయెల్, పాడ్రిగ్ డుగ్గన్‌లు. ఈ అయిదుగురూ 1970లో జట్టు కట్టారు. క్లానాడ్ అంటే 'డోర్ ఊరి కుటుంబం' అని అర్థం. ఊళ్లోని ముసలివాళ్ల దగ్గర పాత పాటలు సేకరించి, హార్ప్, గిటారు, వేణువులతో కొత్తగా కూర్చారు. 1973లో తొలి ఆల్బమ్ వచ్చింది. 1975లో జర్మనీలో దొరికిన ఆదరణ చూశాకే సంగీతాన్ని జీవనోపాధిగా చేసుకున్నారు. చెల్లెలు ఎన్యా 1980లో చేరి, 1982లో విడిపోయి, తర్వాత ఒంటరిగా ప్రపంచఖ్యాతి పొందింది.

ఆ 1982లోనే మలుపు వచ్చింది. ఉత్తర ఐర్లండ్ కల్లోలం మీద బ్రిటిష్ టీవీ తీసిన 'హ్యారీస్ గేమ్' నాటకానికి వీరు ఐరిష్‌లో పాట కట్టారు. బాంబులు పేలుతున్న ఆ రోజుల్లో అది బ్రిటన్ పాటల పట్టికలో అయిదో స్థానానికి చేరింది. ఐవర్ నొవెల్లో బహుమతీ వచ్చింది. తర్వాత 'రాబిన్ ఆఫ్ షెర్‌వుడ్' సంగీతానికి బాఫ్టా, 1999లో 'ల్యాండ్‌మార్క్స్' ఆల్బమ్‌కు గ్రామీ దక్కాయి. పేరు పెరిగినకొద్దీ ఇంగ్లీషు పాటలూ పెరిగాయి. అయినా ఐరిష్‌ను విడిచిపెట్టలేదు. మొదటి అయిదుగురూ మళ్లీ కలిసి 2013లో తెచ్చిన 'నాదూర్'లోనూ ఆ భాష ఉంది. పాడ్రిగ్ 2016లోనూ, నోయెల్ 2022లోనూ కన్నుమూశారు.

ఒక పాట బ్రిటన్‌ను గెలిచింది కనుక భాష బతికిందని సంబరపడేవారితో నేను ఏకీభవించలేను. పాట అయిదో స్థానానికి వెళ్లినంత మాత్రాన ఏ ఇంట్లోనూ బిడ్డ ఆ భాష మాట్లాడడు. ఇక్కడ వరస ముఖ్యం. ముందు ఇంట్లో మాట, ఆ మాటలోంచి పాట, ఆ తర్వాతే లోకం. మన ఉగాది సభల్లో పిల్లలు తెలుగు పాటను కన్నడంలోనో, తమిళంలోనో, ఒరియాలోనో రాసుకుని చక్కగా పాడుతున్నారు. చప్పట్లు కొడుతున్నాం, కొట్టవలసిందే. కానీ వేదిక దిగాక ఆ పిల్లవాడు అమ్మను ఏ భాషలో పిలుస్తున్నాడో అదే అసలు లెక్క. గ్వీడోర్ కుటుంబానికి ఆ లెక్క ముందే సరిపోయింది. అందుకే వారి పాటకు నిలబడే నేల దొరికింది.